వైద్యుని కంటె ముందు చేరవలసిన ఇంజినీరు

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి ఇంటికి వెళ్ళినపుడు, భోజనాలైన తరువాత బావగారు నన్ను అరుగు మీదికి పిలిచి ఒక పని అప్పగించారు. "బావగారూ, మీ మాటంటే అమ్మాయికి గురి. మెకానికల్ ఇంజినీరింగు పూర్తిచేసి, చేతికి వచ్చిన సాఫ్ట్‌వేరు ఉద్యోగం కాదని, ఆటగాళ్ళ మోకాళ్ళు కొలిచే చదువేదో చదువుతానంటున్నది. కాస్త నచ్చజెప్పండి" అన్నారు. ఆ చదువు పేరు స్పోర్ట్స్ బయోమెకానిక్స్. ఆటలో శరీరం మీద పడే బలాలను యంత్రశాస్త్ర సూత్రాలతో లెక్కగట్టే విద్య. నేను నచ్చజెప్పలేదు సరికదా, అమ్మాయి పక్షాన మాట్లాడి వచ్చాను. దాని వెనుక నా పొరపాటు ఒకటి ఉన్నది కనుక, ఆ సంగతి పాఠకులకు దాచకుండా చెప్పుకోవాలి.

ఇరవై ఏళ్ళ క్రితం పదిహేడేళ్ళ కబడ్డీ ఆటగాడిని అతని తండ్రి సైకిలు మీద కూర్చోబెట్టుకొని నా వద్దకు తీసికొనివచ్చాడు. కూతకు వెళ్ళి, చటుక్కున వెనుదిరగబోయి, కాలు మెలిపడి కూలిపోయాడట. ఎవరూ తగలలేదు. మోకాటిలో 'టప్' మన్నదని, గంటసేపటిలోనే వాచిపోయిందని చెప్పాడు. నేను దానిని బెణుకు అనుకొన్నాను. చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేయించాను. వాపు తీసిన తరువాత తైలమర్దనం చేయించాను. మూడు వారాలకు వాపూ పోయింది, నొప్పీ పోయింది. ఇక ఆడుకోవచ్చునన్నాను. నెల తిరగకుండానే అదే మోకాలు మళ్ళీ జారింది. ఈసారి రెండు ఎముకల నడుమ మెత్తలా ఉండే మృదులాస్థి కూడ చిరిగిపోయింది. పట్నంలో ఎముకల వైద్యుడు పరీక్షించి, స్నాయువు మొదటి రోజే తెగి ఉంటుందన్నాడు. ఆ పిల్లవాడు మరల కూతకు వెళ్ళలేదు.

నొప్పి తగ్గుట వేరు, కీలు నిలుచుట వేరు అన్న సంగతి నాకు అలా తెలిసివచ్చింది. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. ఎముక సరిగా కూర్చితే అతుక్కొనే గుణం దానికి స్వతహాగా ఉన్నది. మోకాటి నడుమ ఉండే ఏసీఎల్ అనే స్నాయువుకు ఆ భాగ్యం చాలావరకు లేదు. వయసులో ఉన్నవారిలో అది సుమారు 200 కిలోల బరువుకు సమానమైన లాగుడును తట్టుకొంటుంది. అంతకు మించితే తెగుతుంది. పూర్తిగా తెగినది తైలంతో అతకదు. సుశ్రుతుడు 107 మర్మాలను లెక్కించి, అందులో జాను మర్మానికి దెబ్బ తగిలితే కుంటితనం వస్తుందని హెచ్చరించాడు. ఆ మాట చదివి కూడ నేను ఆ పిల్లవాని మోకాటిని తేలికగా తీసికొన్నాను.

మరి తెగకముందే తెలిసికొనే ఉపాయమేది? అమ్మాయి తన ఫోనులో ఒక ఆటగత్తె ఎగిరి దిగుతున్న దృశ్యాన్ని నెమ్మదిగా తిప్పి చూపింది. "మామయ్యా, ఆ మోకాలు లోపలికి వాలింది చూడండి. గునపంతో బండను లేపేటపుడు కొన దూరమైతే బలం పెరుగుతుంది కదా, ఇక్కడ అదే సూత్రం ఎదురు తిరుగుతుంది" అన్నది. కాలు తిన్నగా ఉన్నపుడు బరువు కీలు గుండా నేలకు దిగుతుంది. మోకాలు ప్రక్కకు వాలితే అదే బరువు కీలును మెలిపెడుతుంది. పాదం నేలను తాకిన తరువాత సెకనులో ఇరవయ్యవ వంతు గడవకముందే స్నాయువు తెగిపోవచ్చును. కంటికి అందని ఆ క్షణాన్ని పట్టుకోవడానికే వీరు శరీరం మీద మెరిసే పూసలు అంటించి, చుట్టూ వేగవంతమైన కెమెరాలు పెట్టి, నేలలో బలాన్ని కొలిచే పలకను అమర్చుతారు. ఏ కీలు మీద ఎంత మెలిక పడిందో కంప్యూటరు లెక్కగడుతుంది. దూలం ఎంత బరువు మోస్తుందో లెక్కవేసే చదువే ఇది. దూలానికి బదులు తొడ ఎముక.

కొలిచి ఏం లాభమని బావగారు అడిగారు. గాయపడే తీరు తెలిస్తే దిగే తీరు నేర్పవచ్చును. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ఫిఫా ఆధ్వర్యంలో 15 వ్యాయామాలతో, సుమారు 20 నిమిషాల సన్నాహం ఒకటి రూపొందింది. నార్వేలో 13 నుండి 17 ఏళ్ళ బాలికలు సుమారు 1,900 మందిపై దానిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆ సన్నాహం చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు. మన పాఠశాలల్లో పిల్లలను తరగతి గది నుండి నేరుగా మైదానంలోకి, అదీ గట్టి నేల మీదికి, తోలడమే చూస్తున్నాము.

బావగారు తేలికగా ఒప్పుకొనే మనిషి కాదు. "గోపీచంద్ గారి మోకాటికీ శస్త్రచికిత్స జరిగింది కదా, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలవలేదా?" అన్నారు. గెలిచాడు. కాని ఆయన మోకాలు దెబ్బతిన్నది 1994లో. నడుమ గడచిన ఏళ్ళ యాతనను ఓర్చుకోవడం అందరి వల్ల అవుతుందా? సైకిలు మీద వచ్చిన ఆ తండ్రికి శస్త్రచికిత్స మాట విని నోట మాట రాలేదు.

ఇదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదనే మిత్రులతో నేను ఏకీభవించను. బలంలో సగం వరకే వ్యాయామం చేయమని మన ఆచార్యులు చెప్పారు. నుదుట చెమట పట్టుట, నోరు ఎండుట వంటి గుర్తులూ ఇచ్చారు. అలసటకు అవి చక్కని కొలతలే. దిగేటపుడు మోకాలు ఎటు వాలుతున్నదో చెమట చెప్పదు.

అమ్మాయికి కష్టాలూ చెప్పాను. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. మొదట్లో జీతం సాఫ్ట్‌వేరుకు సాటిరాదు. ఇంజినీరింగు పట్టా ఒక్కటే చాలదు, శరీర నిర్మాణశాస్త్రం మొదటినుండి నేర్వాలి. పై చదువుకు హైదరాబాదు ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగు విభాగమున్నది. మద్రాసు ఐఐటీలో క్రీడాశాస్త్ర కేంద్రమున్నది. పటియాలా జాతీయ క్రీడా సంస్థలో బయోమెకానిక్స్ విభాగమున్నది. అన్నీ విని ఆమె, "మామయ్యా, మీ దగ్గరకు వచ్చే మోకాళ్ళ వయసు, ఆట, దెబ్బ తగిలిన తీరు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టగలరా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో నాకు తట్టని పని అది.

ఇపుడు నా బల్ల మీద ఒక నోటుపుస్తకమున్నది. 'టప్' మన్న శబ్దం, వెంటనే వాపు అని చెప్పినవారికి పట్టు వేయక ముందే ఎముకల వైద్యుని వద్దకు చీటీ వ్రాసి పంపుతున్నాను. అమ్మాయి గేట్ పరీక్షకు చదువుకొంటున్నది. బావగారు మాత్రం ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ ఉత్తరాన్ని ఇంకా బీరువాలో భద్రంగానే ఉంచారు.