తిరునాళ్ళు వెళ్ళిపోయాయి, డొంకదారి మిగిలింది
సర్రే కొండల్లో సైకిళ్ళు, కార్లు, మనం

ఎండలు మొదలయ్యాయంటే చాలు, లండన్‌కి దక్షిణాన ఉన్న సర్రే కొండల్లో శని, ఆదివారాలు సైకిళ్ళవే. డోర్కింగ్ స్టేషన్‌లో సైకిల్‌తో రైలు దిగేవాళ్ళు కొందరు, ఇంటి దగ్గర నుంచే తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు కొందరు. వాళ్ళలో ఇప్పుడు మన తెలుగు ముఖాలు కూడా కనిపిస్తున్నాయి. అంతకంటే ఎక్కువమంది మనవాళ్ళు అదే రోడ్డు మీద కార్లలో ఉంటారు. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో పులిహోర డబ్బా, ముందేమో కదలని సైకిళ్ళ గుంపు! హ్యాండిల్ పట్టుకున్నా స్టీరింగ్ పట్టుకున్నా, ఈ కొండదారుల మీద ఏళ్ళ తరబడి సాగుతున్న వాదన మనకీ సంబంధించినదే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒలింపిక్స్ తెచ్చిన పేరు

ముందు ఆ నేల గురించి. ఉత్తరాన నార్త్ డౌన్స్ అనే సుద్దరాయి కొండల వరస, దానికి దక్షిణంగా ఇసుకరాతి కొండలు. వీటిలో ఎత్తయినది లీత్ హిల్, 294 మీటర్లు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్ళకి ఇవి గుట్టల్లాగే అనిపిస్తాయి. కానీ సైకిల్ తొక్కే కాళ్ళకి ఎత్తు కంటే వాలు ముఖ్యం. బాక్స్ హిల్ మీది జిగ్‌జాగ్ రోడ్డు సుమారు రెండున్నర కిలోమీటర్లు, సగటు వాలు 5 శాతం దాకా. కొత్తవాళ్ళు కూడా గేరు తగ్గించుకుని, ఆయాసపడుతూ ఎక్కేయగలరు. అక్కడి నుంచి లీత్ హిల్ వైపో, రాన్‌మోర్ వైపో వెళ్తే అసలు పరీక్ష మొదలవుతుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో సైకిల్ రోడ్డు పందేలు ఈ దారుల్లోనే జరిగాయి. జులై 28న మగవాళ్ళు సుమారు 250 కిలోమీటర్ల పందెంలో బాక్స్ హిల్‌ని తొమ్మిది సార్లు చుట్టారు. మర్నాడు ఆడవాళ్ళ పందెంలో, జోరు వానలో, లిజీ ఆర్మిట్‌స్టెడ్ వెండి పతకం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కి అదే తొలి పతకం. టీవీలో చూసిన కొండని తామూ ఎక్కాలని జనానికి సరదా పుట్టింది. 2013లో ప్రుడెన్షియల్ రైడ్‌లండన్ మొదలైంది. వేసవిలో ఒక ఆదివారం రోడ్లు మూసేసేవారు, వేలాదిమంది మామూలు జనం లండన్ నుంచి సర్రే కొండల మీదుగా 100 మైళ్ళు తొక్కి వెనక్కి వచ్చేవారు. సేవాసంస్థలకి కోట్ల పౌండ్లు సమకూరాయి. 2019 దాకా ఇది ఏటా సాగింది.

ఊరివాళ్ళ గోడు

బయటివాళ్ళకి పండగ. మరి ఆ ఊళ్ళలో ఉండేవాళ్ళకి? రోడ్డు మూసేస్తే వాళ్ళు ఆ పూట ఎక్కడికీ కదలలేరు. చర్చికి వెళ్ళాలన్నా, పొలానికి వెళ్ళాలన్నా, మంచంలో ఉన్న పెద్దావిడకి సాయం చేసే మనిషి రావాలన్నా ఇబ్బందే. వేసవి ఆదివారం బేరం మీద ఆధారపడ్డ దుకాణాలకి నష్టం. ఒకటి రెండేళ్ళు సర్దుకున్నారు. ఏటా అంటే కష్టమన్నారు. 2019లో సర్రే కౌంటీ కౌన్సిల్ ప్రజల అభిప్రాయం అడిగింది. ఆ తర్వాత 2020లో, ఇక మా కౌంటీలో వద్దని తీర్మానించింది. కోవిడ్ వల్ల ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఎలాగూ జరగలేదు. 2022లో రైడ్‌లండన్ ఎసెక్స్ కౌంటీకి మారింది. 2024 దాకా అక్కడ సాగి, 2025లో అసలు జరగలేదు.

దీన్ని చూసి "పల్లెవాళ్ళకి సైకిళ్ళంటే గిట్టదు" అనేయడం తేలిక, కానీ అది న్యాయం కాదు. మన ఊళ్ళలో జాతర జరిగితే మూడు రోజులు దారులన్నీ కిక్కిరిసిపోతాయి. ఎవరూ కౌన్సిల్‌కి అర్జీ పెట్టరు. ఎందుకంటే జాతర మనది. అమ్మవారు మన అమ్మవారు, బంధువులు మన ఇంటికే వస్తారు, అంగడి మనవాళ్ళే పెడతారు. రైడ్‌లండన్ అలా కాదు. పేరు లండన్‌ది, బయల్దేరడం లండన్‌లో, ముగిసేదీ లండన్‌లోనే. మధ్యలో ఉన్న ఊరికి దక్కింది బారికేడ్లు. ఊరికి వాటా లేని పండగ ఎంత మంచిదైనా ఎక్కువ కాలం నిలవదని దీనితో తేలింది.

అసలు సమస్య మిగతా 364 రోజులది

పండగ వెళ్ళిపోయింది, సైకిళ్ళు వెళ్ళిపోలేదు. ఇక్కడే మన చర్చలన్నీ దారి తప్పుతున్నాయని నా అభిప్రాయం. ఆ ఒక్క ఆదివారం గురించి ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. మిగతా 364 రోజులు అవే దారుల్లో సైకిలూ కారూ ఎదురెదురుగా వస్తే ఏమవుతుందన్నది వెనకబడిపోయింది.

ఇసుకరాతి కొండల్లోని లేన్లు చూస్తే మన డొంకదారులు గుర్తొస్తాయి. శతాబ్దాల పాటు బండి చక్రాలు, పశువుల గిట్టలు, వాన నీళ్ళు మెత్తటి రాతిని అరగదీసి దారిని లోతుగా దించేశాయి. రెండు పక్కలా గోడల్లాంటి గట్లు, వాటి మీద చెట్ల వేళ్ళు. మలుపు అవతల ఏముందో కనపడదు. అయినా ప్రత్యేకంగా బోర్డు పెట్టని చోట ఇలాంటి దారికి కూడా చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్ళు. హైవే కోడ్ లెక్క ప్రకారం ఆ వేగంలో కారు ఆగడానికి 73 మీటర్లు కావాలి. 40 మైళ్ళ వేగంలో 36 మీటర్లు, 30లో 23 మీటర్లు చాలు. ముప్పై మీటర్ల తర్వాత మలుపు ఉంటే, ఆ మలుపు వెనక గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్న సైకిల్ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో రోడ్డు ప్రమాద మరణాల్లో సగానికి పైగా పల్లె రోడ్ల మీదే జరుగుతున్నాయి. మోటార్‌వేలే ప్రమాదకరం అనుకునే మనకి ఇది కొత్తగా వినిపించవచ్చు.

2022 జనవరి 29న హైవే కోడ్ మారింది. గంటకు 30 మైళ్ళ లోపు వేగంలో సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల దూరం వదలాలి, వేగం ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు. వెనక బండ్లు ఉంటే, వీలైన చోట ఒకరి వెనక ఒకరుగా వెళ్ళడమో ఆగడమో చేసి దారి ఇవ్వాలి. ఇరుకు దారిలో సైకిల్ మధ్యలో వెళ్ళవచ్చు. మధ్యలో వెళ్ళడం పొగరనుకునే డ్రైవర్లు చాలామంది ఉన్నారు. ఒకసారి లెక్క వేద్దాం. సైకిల్ అంచు నుంచి అర మీటరు లోపలికి ఉంటుంది, హ్యాండిల్ సగం పావు మీటరు, వదలాల్సిన దూరం మీటరున్నర, కారు వెడల్పు దాదాపు రెండు మీటర్లు. మొత్తం నాలుగు మీటర్లు దాటింది. దారి వెడల్పేమో మూడు మీటర్లు! అంటే సైకిల్ అంచుకి ఒదిగినా ఓవర్‌టేక్ చేయడానికి చోటు లేదు. మధ్యలో ఉన్న సైకిల్ ఆ సంగతి ముందే చెబుతోంది, అంతే.

అయితే కోడ్ మార్చినంత మాత్రాన దారి మారదు. ఐర్లండ్ 2025 ఫిబ్రవరి 7 నుంచి పల్లెల్లోని స్థానిక రోడ్ల మీద సాధారణ వేగ పరిమితిని గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించింది. ఒక్కో లేన్‌కి విడిగా బోర్డు, విడిగా విచారణ అనకుండా దేశమంతటికీ ఒకే నిర్ణయం. ఈ పని సర్రే కొండల్లోనూ జరగాలి. దీనివల్ల లాభం సైకిళ్ళకే కాదు. గుర్రాల మీద వెళ్ళేవాళ్ళకీ, బడికి నడిచే పిల్లలకీ, తన గేటు లోంచి కారు బయటికి తీయడానికి భయపడే ఊరి మనిషికీ లాభమే. రైడ్‌లండన్‌లో దొరకని వాటా ఊరికి ఇందులో దొరుకుతుంది.

మన వంతు

"ఇదంతా వాళ్ళ గొడవ, మనకెందుకు?" అనేవాళ్ళుంటారు. ప్రభుత్వం వేయించిన గ్లోవర్ నివేదిక 2019లో, ఆసియా, ఆఫ్రికా మూలాలున్న చాలామందికి ఇంగ్లండ్ పల్లెసీమ తమది కాదనిపిస్తోందని రాసింది. మన విషయంలో ఆ మాట కొంత నిజమే. హారో, హౌన్స్‌లో, క్రాయిడన్‌లలో ఇల్లు కొన్నాం, పిల్లల్ని చదివిస్తున్నాం. గంట దూరంలో ఉన్న కొండకి మాత్రం ఇంకా చుట్టపుచూపుగానే వెళ్తున్నాం. పన్ను కట్టే దేశంలో దారి మీద కూడా మనకి హక్కు ఉంది, బాధ్యతా ఉంది.

తొక్కాలనుకునేవాళ్ళకి సాయం కూడా ఉంది. 1999 నుంచి ఉన్న సైకిల్ టు వర్క్ పథకంలో మీ కంపెనీ చేరి ఉంటే, ఆఫీసు ప్రయాణానికి సైకిల్ తీసుకుని జీతంలోంచి పన్నుకు ముందే వాయిదాలు కట్టవచ్చు. నలభై దాటి మోకాళ్ళు మొరాయించేవాళ్ళకి ఎలక్ట్రిక్ సైకిల్ మంచి తోడు. మోటారు 250 వాట్లు మించకుండా, గంటకు 15.5 మైళ్ళు దాటాక దాని సాయం ఆగిపోయేలా, పెడల్ తొక్కితేనే నడిచేలా ఉంటే లైసెన్సు అక్కర్లేదు.

కారులో వెళ్ళేవాళ్ళు ఒక పాత అలవాటు మానుకోవాలి. మన ఘాట్ రోడ్ల మీద మలుపు రాగానే హారన్ కొట్టడం మర్యాద, హెచ్చరిక. ఇక్కడ సైకిల్ వెనక హారన్ కొడితే అది బెదిరింపు. ఉలిక్కిపడ్డ మనిషి గుంతలో పడతాడు. ఒక నిమిషం ఆగితే మనకి పోయేదేమీ లేదు.

చివరగా ముఖ్యమైన మాట. సర్రే కౌంటీ కౌన్సిల్ స్థానంలో తూర్పు, పడమర సర్రేలకి రెండు కౌన్సిళ్ళు ఏర్పాటు చేయాలని ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో నిర్ణయించింది. 2027 ఏప్రిల్ నుంచి అవి పగ్గాలు చేపట్టాలన్నది ప్రణాళిక. గుంతలు పూడ్చడం, లేన్లకి వేగ పరిమితి పెట్టడం అప్పుడు వాటి పని. చాలామంది మనవాళ్ళకి తెలియని సంగతి ఏమిటంటే, భారత పాస్‌పోర్టు ఉన్నా, చట్టబద్ధంగా బ్రిటన్‌లో ఉంటూ ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకుంటే, కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడి ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. సర్రేలో ఉంటున్నవాళ్ళు ముందు జాబితాలో తమ పేరుందో లేదో చూసుకోండి. ఈసారి కౌన్సిలర్ తలుపు తట్టినప్పుడు చెత్తబుట్టల గురించే కాకుండా, మీ ఊరి లేన్ మీద వేగ పరిమితి ఎంత ఉండాలనుకుంటున్నారో కూడా అడగండి.