గట్టుకి తేదీ

చిట్టితల్లీ,

నా పేరున ఉన్న ఆఖరి కట్టకి కూడా నిన్న ‘నో అబ్జెక్షన్’ రాసిచ్చేశాను. గుమాస్తా బీరువా తాళాలు బల్ల మీద పెట్టి, "ఇక సాయంత్రాలు ఏం చేస్తారండీ" అన్నాడు. మా మనవరాలికి ఉత్తరం రాసుకుంటానన్నాను. మీ నానమ్మ మాత్రం నల్లకోటు ఇస్త్రీ చేయించి పెట్టింది, ఎందుకో మరి.

నువ్వు సన్నదు తీసుకున్న కాలమే వేరమ్మా. 2024 జూలై 1న పీనల్ కోడ్ పోయి న్యాయ సంహిత వచ్చింది, 420 కాస్తా 318 అయింది. ఊళ్లో మోసగాణ్ని మాత్రం ఇంకా ఫోర్ ట్వంటీ అనే తిడుతున్నారు. సెక్షన్లు నీ ఫోనే చెబుతుంది, వాటికోసం నాకు దిగుల్లేదు. నా దిగులల్లా చెవి గురించి. మా సీనియరుగారు పార్టీ వస్తే కాగితాలు ముట్టుకునేవారు కాదు. మంచినీళ్లిచ్చి, "మీవైపు వానలు పడ్డాయా" అని మొదలుపెట్టేవారు. అసలు తగువు బయటికి రావడానికి అరగంట పట్టేది, మాకేమో విసుగు. 2002 నుంచి సివిల్ దావాల్లో చీఫ్ ఎగ్జామినేషన్ కూడా అఫిడవిట్టే అయిపోయింది. సాక్షి మాటలు మనమే ఇంగ్లీషులో రాస్తాం, అతను వేలిముద్ర వేస్తాడు.

నేనేదో గొప్పగా విన్నానని చెప్పడం లేదు బంగారూ. నలభై ఏళ్ల కిందట అన్నదమ్ముల పొలం తగాదాలో అన్న తరఫున నిలబడ్డాను. తమ్ముడు బోనెక్కి, "మా అన్న గట్టు చెక్కుకున్నాడండీ" అన్నాడు. అంటే ఏటా దుక్కికి ముందు పారతో అరచెయ్యంత మేర తినేస్తూ రావడం. వాంగ్మూలంలో ‘డిమాలిష్డ్’ అని టైపయింది. రైతుబిడ్డని, తేడా నాకు తెలియకనా! అయినా లేచి, "ఏ తేదీన పడగొట్టాడు?" అని క్రాస్ చేశాను. అతను నోరు వెళ్లబెట్టాడు. దావా కొట్టేశారు. బయట కానుగచెట్టు కింద చెప్పులు తొడుక్కుంటూ, కోపం లేకుండానే అడిగాడు నన్ను: "గట్టుకి తేదీ ఏంటండీ?" ఆ ఫీజుతోనే మీ నాన్నకి సైకిల్ కొన్నాను.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 18, రూల్ 6 ఒక్కసారి చూడమ్మా. సాక్ష్యం వేరే భాషలో రాస్తే, ఆ భాష రాని సాక్షికి అతను పలికిన భాషలోనే తిరిగి వినిపించాలంటుంది. మొహమాటపడకుండా అడుగు, జడ్జిగారు గడియారం చూసినా సరే. వీలైతే రాజీకి చూడు. లోక్ అదాలత్‌లో కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలుండదు. లోక్ అదాలత్‌కి చట్టబలం వచ్చింది 1995లో గనక, అప్పట్లో నాకు ఆ దారి లేదని తప్పించుకోవచ్చు. కానీ ఇద్దర్నీ మన అరుగు మీద కూర్చోబెట్టడానికి చట్టమెందుకు తల్లీ?

నీ చేతి చలవతో పదిళ్ల తగువులు తీరాలి, నిండు నూరేళ్లు వర్ధిల్లు. దసరాకి వస్తే ఆ ఊరు తీసుకెళ్తాను. అన్నదమ్ములిద్దరూ పోయారు. గట్టు ఎక్కడిదాకా వచ్చిందో చూసొద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య