నేరాలను లెక్కించాలా, తూచాలా?

నేరాల గణాంకాలు చర్చకు వచ్చినప్పుడల్లా పార్లమెంటులో ఒకే తంతు నడుస్తుంది. మొత్తం అంకెను పట్టుకుని శాంతిభద్రతలు క్షీణించాయని ప్రతిపక్షం ధ్వజమెత్తుతుంది. కేసులు ఎక్కువగా నమోదు కావడం పోలీసుల చిత్తశుద్ధికే నిదర్శనమని ప్రభుత్వ పక్షం బదులిస్తుంది. ఇరుపక్షాల వాదనలోనూ కొంత సత్యం లేకపోలేదు. అసలు ఆ మొత్తం అంకెకు అర్థమేమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2019లో దేశంలో నమోదైన నేరాలు 51,56,158. 2020లో అవి 66,01,285కు చేరాయి. ఇది 28 శాతం పెరుగుదల. ఒక్క ఏడాదిలో దేశం అంత క్రూరంగా మారిపోయిందా? లేదు. అది కోవిడ్ ఆంక్షల కాలం. ప్రభుత్వోద్యోగి ఉత్తర్వును ధిక్కరించిన కేసులే 29,469 నుంచి 6,12,179కి ఎగబాకాయి. హత్యలు 28,915 నుంచి 29,193కు, అనగా ఒక్క శాతం పెరిగాయి. లాక్‌డౌన్‌లో వీధిలోకి వచ్చినవాడిదీ ఒక కేసే, పొరుగువాడి గొంతు కోసినవాడిదీ ఒక కేసే. ఒక మనిషికి ఒక ఓటు అన్నది ఎన్నికలకు ధర్మమే కాని, నేరాల పట్టికకు కాదు.

ఈ చిక్కు మనకొక్కరికే పరిమితం కాదు. 1964లోనే అమెరికాలో సెల్లిన్, వుల్ఫ్‌గాంగ్ అనే పండితులు న్యాయమూర్తుల, పోలీసుల, విద్యార్థుల అభిప్రాయాలు సేకరించి నేరాల తీవ్రతకు తూకపురాళ్ళు సమకూర్చారు. కెనడా 2009లో తీవ్రతా సూచికను ప్రకటించింది. కేంబ్రిడ్జిలో లారెన్స్ షెర్మన్ బృందం 2016లో ప్రతిపాదించిన పద్ధతి మరింత సరళమైనది. మొదటిసారి నేరం చేసినవానికి శిక్షా మార్గదర్శకాల ప్రకారం ఎన్ని రోజుల జైలు పడుతుందో, ఆ రోజుల సంఖ్యే ఆ నేరం బరువు. కేసులు ఎక్కువగా ఉన్న చోటికి కాక, హాని ఎక్కువగా ఉన్న చోటికి కానిస్టేబులును పంపడం దీని ఉద్దేశం.

ఆ త్రాసును యథాతథంగా దిగుమతి చేసుకోవడం మనకు సాధ్యం కాదు. శిక్షా మార్గదర్శకాలు కావాలని మళీమఠ్ కమిటీ 2003లోనే సిఫారసు చేసినా అవి నేటికీ రాలేదు. మిగిలింది చట్టంలోని గరిష్ఠ శిక్ష. పాత శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి మూడేళ్ళు. భార్యను హింసించినా మూడేళ్ళే. నిర్లక్ష్యంగా మనిషి ప్రాణం తీస్తే రెండేళ్ళు! 2022లో హత్యలు 28,522 కాగా, రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ రెండేళ్ళను సాధారణంగా ఐదేళ్ళు చేసింది. అంతమాత్రాన మృతుని కుటుంబానికి జరిగే నష్టం రాత్రికి రాత్రి రెండున్నర రెట్లయిందా? కనుక చట్టంలోని అంకెలను కాక, కెనడా వలె, న్యాయస్థానాలు వాస్తవంగా విధిస్తున్న శిక్షలనే ప్రాతిపదికగా తీసుకోవడం మేలు.

ఏ త్రాసైనా తన మీద పెట్టినదాన్నే తూస్తుంది. స్టేషను గుమ్మం నుంచే వెనక్కి పంపివేసిన ఆడదాని ఫిర్యాదుకు ఏ సూచికలోనూ బరువుండదు. పైగా ఒకే కేసులో పలు నేరాలున్నప్పుడు అతి తీవ్రమైనదాన్నే బ్యూరో లెక్కలోకి తీసుకుంటుంది. తక్కినవి పట్టిక నుంచి జారిపోతాయి.

ఢిల్లీ పోలీసులు నేరుగా కేంద్ర హోంశాఖ కింద ఉన్నారు. వాహన చోరీల ఫిర్యాదును 2015 నుంచి ఇక్కడ ఆన్‌లైన్‌లోనే స్వీకరిస్తున్నారు. ఇది మంచి సదుపాయమే. అయితే కేసుల సంఖ్యను చూసి బీటు నిర్ణయిస్తే, గస్తీ కార్లు నిలిపే చోట్లకే పోతుంది. స్టేషన్లవారీగా కేసుల పక్కన బరువును చూపే మరో గడిని హోంశాఖ ముందుగా ఇక్కడే చేర్చవచ్చు. దానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.