డిస్కౌంటు బెంగుళూరులో, తిప్పలు పాకాలలో

కొత్త కారు కొనేముందు మన ఐటీ జనం చేసే మొదటి పని ఎక్సెల్ షీటు తెరవడం. మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫు, ఈఎమ్మై, నాలుగు షోరూముల కొటేషన్లు, అన్నిటికీ తలా ఒక కాలమ్. బండి చెడితే బాగుచేసే వర్క్‌షాపు ఎంత దూరం, అక్కడ పని ఎలా ఉంటుంది అన్నదానికి మాత్రం కాలమ్ ఉండదు. అదే మనుషులు ఆఫీసులో, "అందరికంటే తక్కువ కోట్ చేసిన వెండర్‌కి ప్రాజెక్టు ఇచ్చాడండీ, ఇంక చూస్కోండి" అని క్లయింటుని చూసి నవ్వుతారు!

నిజానికి డీలరు వ్యాపారం మనకి అర్థం కానిదేం కాదు. డెవలప్‌మెంటుకి తక్కువకే ఒప్పుకుని, మెయింటెనెన్సులో రాబట్టుకోవడం మన కంపెనీలకి తెలియని విద్యా? కొత్త బండి మీద డీలరుకి మిగిలేది తక్కువే. ఇన్సూరెన్సు కమీషను, లోను ఇప్పించినందుకు బ్యాంకిచ్చేది, యాక్సెసరీలు, వర్క్‌షాపు... బతికేది వీటి మీద. ధరలో వదిలింది వీటిలో ఏదో ఒక దారిన తిరిగొస్తుంది.

మా చిన్నాన్న కొడుకు బెంగుళూరులో ఉంటాడు. పాకాలలో ఉన్న చిన్నాన్న, పిన్నిల కోసం కారు కొన్నాడు. వాళ్ళకి కారుతో పనేంటంటే, ఆస్పత్రి. నెలకోసారి వేలూరు సిఎంసికో, తిరుపతి స్విమ్స్‌కో పోవాలి. తిరుపతి డీలరు కంటే బెంగుళూరు డీలరు 22 వేలు తగ్గించాడు, పైగా రివర్స్ కెమెరా ఫ్రీ. మావాడు అక్కడే కొని ఊరికి తోలాడు. రెండో నెలలో కెమెరా వైరింగు దగ్గర ఏదో తేడా వచ్చి, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. తిరుపతి వర్క్‌షాపు వాళ్ళు చూసి, "ఇది కంపెనీ ఫిట్టింగు కాదు, అమ్మినవాళ్ళు బిగించింది, వాళ్ళనే అడగండి" అన్నారు. అమ్మినవాళ్ళేమో "బండి ఇక్కడికి తీసుకురండి" అన్నారు. పోను రాను 400 కిలోమీటర్లు, రెండుసార్లు. మధ్యలో మూడు వారాలు బండి కదల్లేదు, పిన్ని టాక్సీలో వేలూరు పోయింది. "ఇరవై రెండు వేలు మిగిలిందని వాడు ఎగిరినాడు, బండేమో షెడ్డులో నిద్దరపోతా ఉండాది" అని చిన్నాన్న గొణుగుడు. మావాడు మాత్రం పెట్రోలూ టోలూ పోను ఇంకా మిగిలిందే అని ఇప్పటికీ వాదిస్తాడు. పిన్ని టాక్సీ లెక్క వాడి షీటులో లేదు మరి.

"వారంటీ కంపెనీది కదా, ఎక్కడ కొంటే ఏంటి?" అనొచ్చు మీరు. ఇంజనూ గేరుబాక్సూ వరకూ అది నిజమే. డీలరు తగిలించినవి, రిజిస్ట్రేషను కాగితాలు, నంబరు ప్లేటు, డెలివరీ నాటి లోపాలు, ఇవన్నీ అమ్మినవాడి మెడకే. వాడు 200 కిలోమీటర్ల అవతల ఉంటే మీ మెడకే.

సరే, పాకాల మెకానిక్కు దగ్గరికి పోదామా? మంచివాళ్ళే ఉన్నారు. కానీ ఇప్పటి బండికి పానా ఒకటే చాలదు, కంప్యూటరు తగిలించాలి. విడిభాగాలూ రిపేరు పరికరాలూ బయటివాళ్ళకి అందనివ్వట్లేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. ఒకసారి కొన్నాక మనం ఎంతగా ఆ కంపెనీ వర్క్‌షాపుకి కట్టుబడిపోతామో దీన్నిబట్టే తెలుస్తుంది. మా పాకాల రైళ్ళకి జంక్షను గానీ కార్లకి కాదు. చిన్నాన్న బండికి వర్క్‌షాపంటే ఇటు 30 కిలోమీటర్ల చిత్తూరు, లేదా అటు 40 కిలోమీటర్ల తిరుపతి.

ఇదంతా చదివి "మా సర్వీసు బాగుంటుంది సార్, రేటు మాత్రం తగ్గదు" అనే దగ్గరి డీలరుకి దండం పెట్టమనట్లేదు. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే ఎవడూ రాసివ్వడు. బేరం ఆడండి, కానీ ఆడాల్సిన చోట ఆడండి. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు, బయట కొటేషను తెచ్చి ముందు పెట్టండి. హ్యాండ్లింగు చార్జీలని ఓ గీత కనిపిస్తే అదేంటో అడిగి కొట్టేయించండి. డీలర్లు తాను గీసిన గీత దాటి డిస్కౌంటు ఇవ్వకుండా ఆపుతోందని 2021లో అదే కమిషన్ మారుతికి 200 కోట్ల జరిమానా వేసింది (దానిమీదా అప్పీలుకి వెళ్ళింది లెండి). అంటే ధర దగ్గర పోటీ మనమనుకున్నంత స్వేచ్ఛగా ఏం లేదన్నమాట. కొటేషన్ల మధ్య తేడా చాలాసార్లు ఈ పక్క గీతల్లోనే దొరుకుతుంది.

షోరూముకి వెళ్ళేముందు, కారు ఏ ఊళ్ళో ఉండబోతోందో ఆ ఊరికి దగ్గరి వర్క్‌షాపుకి ఓ సోమవారం పొద్దున్నే వెళ్ళండి. బండి తీసుకోడానికొచ్చిన ఇద్దరు ముగ్గురిని అడగండి: చెప్పిన రోజుకే ఇచ్చారా, ఎస్టిమేటుకీ బిల్లుకీ తేడా ఎంత, ఇదే కంప్లెయింటుతో ఎన్నోసారి రావడం? సేల్సు కుర్రాడిచ్చే కాఫీ తాగుతూ అడిగితే ఈ మూడూ తెలీవు.