బోర్డు బూట్ అయితే రిపేర్ అయిపోయినట్టేనా? ముందు రాగికి పూత వేయండి

పాత కంప్యూటర్లు బాగు చేసే వీడియోలు చూసేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. తెగిన ట్రేస్‌కి సన్న వైరు అతికిస్తారు, పవర్ ఇస్తారు, స్క్రీన్ మీద మెమరీ కౌంట్ మొదలవుతుంది, మ్యూజిక్, అంతే! వీడియో అయిపోతుంది. నన్నడిగితే అక్కడికి సగం పనే అయింది. గీకిన చోట రాగి ఇంకా బయటే ఉంది. దాన్ని అలాగే వదిలేసి కేబినెట్ బిగిస్తే, ఆ బోర్డు మళ్లీ మీ టేబుల్ మీదకే వస్తుంది. నాకు వచ్చింది.

మా మావయ్య రావులపాలెంలో డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో వాడిన 486 అది. సెంటర్ మూసేశాక ఆత్రేయపురంలో మా ఇంటి అటకెక్కింది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నప్పుడు దించి విప్పి చూస్తే, మదర్‌బోర్డు మూలన ఉండే పీపా ఆకారం 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ కారిపోయి ఉంది. 386, 486 బోర్డుల్లో ఇది మామూలు జబ్బే. అమిగా 2000 లాంటి మెషీన్లనీ ఇదే తినేసింది. ఆ కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. పైన ఉన్న పచ్చ పొర కిందకి దూరి ట్రేస్‌ల వెంబడి పాకుతుంది. చాలా బోర్డుల్లో పక్కనే కీబోర్డు కంట్రోలర్ ఉంటుంది కాబట్టి ముందు పోయేది కీబోర్డే.

వెనిగర్‌తో తుడిచి, పాడైన పొర గీకి, తెగిన మూడు ట్రేస్‌లకి జంపర్లు వేశాను. బూట్ అయింది! మావయ్య కూర్చుని తన పేరు టైప్ చేసుకున్నాడు. మల్టీమీటర్ బీప్ అంటోంది, ఇంకేం కావాలి అనుకుని మూసేశాను. వానాకాలం వెళ్లాక ఆన్ చేస్తే కీబోర్డు మళ్లీ చచ్చింది. విప్పి చూస్తే నేను గీకిన చోటల్లా చిలుము. ఒక ట్రేస్ అయితే ముట్టుకుంటే రాలిపోయింది. మొదటిసారి తప్పు బ్యాటరీది, రెండోసారి పూర్తిగా నాది.

అంత తొందరగా ఎందుకు పోయింది?

మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. పైన ఉండే సోల్డర్ మాస్క్ కూడా సుమారు అంతే పలచన. సోల్డర్ పక్క ట్రేస్‌కి అంటకుండా చూడటంతో పాటు గాలినీ తేమనీ ఆపడం కూడా దాని పనే. పొడి గాలిలో ఉత్తి రాగి కాస్త నల్లబడి ఊరుకుంటుంది. కానీ తేమతో పాటు బ్యాటరీ క్షారమో, తుడవని ఫ్లక్సో, వేలి చెమటలో ఉప్పో తోడైతే రాగి తినుకుపోవడం మొదలవుతుంది. పవర్ ఆన్‌లో ఉంటే పక్కపక్క ట్రేస్‌ల మధ్య కరెంట్ లీక్ కూడా అవుతుంది. చుట్టూ కాలవలు, వరిచేలు, పక్కనే గోదారి ఉన్న మా ఊళ్లో తేమకి కొదవేముంది? ఎక్కడో పొడి వాతావరణంలో కూర్చుని “ఇలా వదిలేసినా పర్లేదు” అనే సలహా మన డెల్టాకి పనికిరాదు.

ఆ బోర్డు చూసి అమ్మ ఒక్క మాట అంది: “ఇత్తడి గిన్నె తోమి, కళాయి పెట్టించకుండా పులుసు కాస్తే చిలుమెక్కక ఏమవుద్దిరా?” నిజమే కదా! కళాయి అంటే తగరం. మనం వాడే 63/37 సోల్డర్‌లో 63 శాతం తగరమే.

ఏది వాడాలి, ఏది వద్దు

నెయిల్ పాలిష్: అర్జెంటుకి ఓకే. కాలం గడిచేకొద్దీ పెళుసై పొరలుగా లేస్తుంది. పర్మినెంట్ రిపేర్ అనుకోకండి.

సూపర్ గ్లూ: వద్దు. తెల్లటి పొగమరక వదులుతుంది, రేపు అక్కడే సోల్డర్ ఐరన్ పెడితే కళ్లు మండే పొగ వస్తుంది.

సోల్డర్ పూత: మంచిదే, కానీ ఇది కళాయి మాత్రమే. దగ్గర దగ్గరగా ఉన్న ట్రేస్‌ల మధ్య షార్ట్ అయ్యే భయం అలాగే ఉంటుంది. కాబట్టి దీని మీద ఇంకో పొర కావాలి.

యూవీ సోల్డర్ మాస్క్: నా ఓటు దీనికే. చిన్న సిరంజి కొన్ని వందల్లో దొరుకుతుంది. రాసి యూవీ టార్చ్ వేస్తే గట్టిపడుతుంది.

అయితే ఇక్కడ చాలామంది చేసే తప్పు, మందంగా పూయడం. పైన గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మా ఊరి పూతరేకు తెలుసుగా! వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. జావ చిక్కగా ఉంటే రేకు రాదు, అట్టు వస్తుంది. మాస్క్ కూడా అంతే. పలచగా ఒక పొర, టార్చ్, అవసరమైతే ఇంకో పొర.

ఇంకో పెద్ద తప్పు, శుభ్రం చేయకుండా పూయడం. అది కాపాడటం కాదు, దొంగని ఇంట్లో పెట్టి తాళం వేయడం. నేను ఇప్పుడు ఫాలో అయ్యే వరస ఇది: బ్యాటరీ తీసేయాలి, వెనిగర్‌తో క్షారాన్ని చంపాలి, నీళ్లతో కడగాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత రాగి మెరిసేదాకా గీకి, సోల్డర్ చేసి, ఫ్లక్స్ తుడిచి, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ, షార్ట్ రెండూ చెక్ చేయాలి. అప్పుడే పూత. ఫైబర్‌గ్లాస్ పెన్‌తో గీకితే గ్లవ్స్ మర్చిపోకండి, ఆ గాజు నూగు చేతుల్లో గుచ్చుకుంటుంది. సాకెట్లకీ కనెక్టర్లకీ మాస్క్ అంటకూడదు.

“ఒరిజినాలిటీ పోతుంది కదా?”

కొందరు కలెక్టర్లు కొత్త పూత కనిపిస్తే బోర్డు అందం పోతుందంటారు. నేను ఒప్పుకోను. చిలుము పట్టి రాలిపోయిన ట్రేస్‌లో ఒరిజినాలిటీ ఎక్కడుంది? రిపేర్ చేసిన చోటు కనిపించడం తప్పేమీ కాదు. తర్వాత విప్పేవాడికి అదే మ్యాప్.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది. 1980ల్లో క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలో స్కూళ్లకి బీబీసీ మైక్రోలు వెళ్లాయి. అలాంటి బోర్డులు ఇక ఎవరూ కొత్తగా తయారుచేయరు. అటకల మీద మిగిలిన వాటిని ఒకసారి బాగుచేసి వదిలేస్తే సరిపోదు, ఇంకో ఇరవై ఏళ్లు బతికేలా చేయాలి.

మావయ్య 486 ఈసారి పూతతో సహా సిద్ధమైంది. ఒక వానాకాలం దాటింది, కీబోర్డు పనిచేస్తోంది. కానీ ఇప్పుడే గొప్పలు చెప్పను. ప్రతి ఏడూ వానలు తగ్గాక ఒకసారి విప్పి చూస్తాను. మీరూ చూడండి.