ప్లాటినపు సంకెల

ఉదజనితో నడచు శకటములను గూర్చి దేశమున నెల్లెడల ప్రశంసలు వినవచ్చుచున్నవి. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ హరిత ఉదజని యోజనకు రు. 19,744 కోట్లు మంజూరు చేసెను. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజనిని ఉత్పత్తి చేయుట దాని సంకల్పము. మేము దానిని హృదయపూర్వకముగ నభినందించుచున్నాము. అయిన నొక ప్రశ్న వేయక తప్పదు. ఆ ఉదజనిని విద్యుత్తుగ మార్చు ఇంధనఘటమునకు వలసిన ప్లాటినము మన కెక్కడిది?

1839లో విలియం గ్రోవ్ తొలి ఘటమును ప్లాటినముతోనే నిర్మించెను. నేటి శకటములలోని ఘటములును దానినే యాశ్రయించియున్నవి. ఘటమున ఉదజనియు, గాలిలోని ఆమ్లజనియు కలిసి నీరగునపుడు విద్యుత్తు పుట్టును. ఇందు ఆమ్లజని మందకొడి. దానిని త్వరపెట్టుటకే ప్లాటినములో నధికభాగము వ్యయమగుచున్నది. ప్రపంచపు గనులనుండి వచ్చు ప్లాటినములో పదింట సుమారు ఏడు పాళ్లు దక్షిణాఫ్రికాదే. విదేశపు చమురును వదలి విదేశపు లోహమునకు చేయి చాచుట స్వావలంబన మెట్లగును? పాత ఘటములనుండి ప్లాటినమును తిరిగి రాబట్టవచ్చునని కొంద రందురు. యుక్తమే, కాని రాబట్టుటకైనను ముందు కొనవలెను గదా!

ఉపాయము లేకపోలేదు. మన నెత్తుటిలో ఆమ్లజనిని మోయునది నాలుగు నత్రజని పరమాణువుల నడుమ నున్న ఇనుప పరమాణువే. ఇట్టి యమరికగల కోబాల్టు సమ్మేళన మొకటి ప్లాటినపు పని చేయగలదని 1964లో జసిన్‌స్కీ చూపెను. అనంతరము శాస్త్రజ్ఞులు ఇనుమును, నత్రజనిని కర్బనమునందు పొదిగి చౌకయైన ఉత్ప్రేరకములను సాధించిరి. చురుకుదనమున నవి ప్లాటినమును సమీపించుచున్నవి. ఆయువున మాత్రము వెనుకబడియున్నవి. ఘటములోని ఆమ్లమునకు ఇనుము కరగును. కరగిన ఇనుము, లోపల పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడుతో గూడి, కర్బనమును పొరను తినివేయును. 2011లో అమెరికాయందలి లాస్ అలమోస్ ప్రయోగశాల వారి ఉత్ప్రేరకము 700 గంటలు నిలిచినందులకే లోకము మెచ్చుకొన్నది. దూరప్రయాణపు లారీల ఘటములకు 2030 నాటికి ఆ దేశమువారు పెట్టుకొన్న గమ్యము 25,000 గంటలు!

ఈ యంతరమును పూడ్చునది ఉపన్యాసములు కావు, ఓర్పుగల పరిశోధన. పైయోజనలో పరిశోధనకు కేటాయించినది రు. 400 కోట్లు, నూటికి రెండు పాళ్లు మాత్రమే. మనకు పండితుల కొదవ లేదు. కారైకుడి విద్యుత్ రసాయన సంస్థకు 1948లోనే పునాది పడినది. హైదరాబాదున నెలకొన్న ఏ.ఆర్.సి.ఐ. వారికి చెన్నపట్టణమున ఇంధనఘటముల కేంద్రము కలదు. ఇట్టివారికి ఏటేట యాచించు దుర్గతి లేక, పదేండ్లకు సరిపడు ధనమును ఒక్కమారే నిర్ణయింపవలెను. అందుకు ప్రతిగ వారు తమ ఉత్ప్రేరకముల చురుకునే గాక, అవి నిలిచిన గంటలను, విఫలమైన తీరును సయితము లోకమునకు వెల్లడింపవలెను. నాలుగు దినముల పరీక్షను విజయమని చాటుట దేశమును వంచించుటయే.

ఇనుము మన నేల నిండ నున్నది. దానికి ఆయువు పోయు విద్యనే మనము సంపాదింపవలసియున్నది.