పసరు పనిచేసిందా, కామెర్లే తగ్గాయా?

తొలకరి పడిన కొద్ది రోజులకే రాయపూర్ చుట్టూ ఉన్న వరి పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన, చివరికి డాబా మీది పూలకుండీల్లో కూడా ఓ చిన్న మొక్క తలెత్తుతుంది. తెలుగువారికి అది నేల ఉసిరి. అక్కడివారికి భుయి ఆంవలా, ఆయుర్వేదానికి భూమ్యామలకి. అడుగు, అడుగున్నర ఎత్తుకు మించదు. రైతు దాన్ని కలుపుతోపాటు పీకి పారేస్తాడు. ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే మాత్రం అదే మొక్క కోసం వెతుకులాట మొదలవుతుంది. సమూలంగా నూరి తీసిన పసరును మజ్జిగలోనో పాలలోనో కలిపి పరగడుపున తాగించడం ఛత్తీస్‌గఢ్‌లోనూ, తెలుగు పల్లెల్లోనూ ఉన్న వాడుకే.

రాయపూర్‌కు కామెర్లు కొత్త కాదు. 2018లోనూ, మళ్లీ 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగానూ నగరంలోని బస్తీల్లో వ్యాధి ప్రబలింది. తాగునీటిలో మురుగు కలవడమే కారణమని తేలింది. ఇలా నీటి ద్వారా వ్యాపించేవి హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు. అవి సోకిన వారిలో అత్యధికులకు కొన్ని వారాల్లో జబ్బు దానంతటదే నయమవుతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తాగినవారు ఆ ఘనతను పసరుకే ఇస్తారు. అందులో వింతేమీ లేదు, అబద్ధమూ లేదు. వాళ్లు చూసింది అదే మరి.

చిక్కు వచ్చేది తగ్గని కొద్దిమంది దగ్గర. గర్భిణులకు చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ సోకితే వందలో 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆగని వాంతులు, మగత, మాట తడబాటు కనిపించాక కూడా పథ్యం పూర్తయ్యేదాకా ఆగుదామనుకుంటే, ఆ రెండు మూడు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

అలాగని నేల ఉసిరిని నాటు నమ్మకంగా కొట్టిపారేయడానికీ లేదు. మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి ఈ మొక్కను పరీక్షించింది. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. నెల రోజులు పొడి మాత్రలు వేసుకున్న హెపటైటిస్ బి వాహకుల్లో 59 శాతం మంది రక్తం నుంచి వైరస్ తాలూకు ఉపరితల యాంటీజెన్ మాయమైంది. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో అది 4 శాతమే. ప్రపంచమంతా ఇటు చూసింది. కానీ 1990లో థాయ్‌లాండ్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఆ ఫలితం రాలేదు. ప్రయోగాలన్నింటినీ జల్లెడపట్టిన కోక్రేన్ సమీక్ష కూడా నమ్మదగ్గ ఆధారం లేదని 2011లో తేల్చింది.

ఇంతకీ అందరూ వాడింది ఒకే మొక్కనా? ఈ సందేహానికి బలమైన కారణమే ఉంది. నేల ఉసిరికి దాయాదులు చాలామంది. అసలు మొక్క శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. మన పాత పుస్తకాల్లోనూ, కొన్ని మందు డబ్బాల మీద నేటికీ కనిపించే ఫిల్లాంథస్ నిరూరి నిజానికి అమెరికా ఖండానికి చెందిన వేరే మొక్క.

పచ్చి మొక్కను పోల్చుకోవడం కష్టం కాదు. నిటారుగా ఉండే నడిమి కాండానికి ఆకులుండవు. పక్కలకు సాగే సన్నని పుల్లలకే రెండు వరసల్లో చిన్న ఆకులుంటాయి కాబట్టి దూరానికి చింతాకులా అనిపిస్తుంది. పుల్లను తిరగేస్తే కింద ఆవగింజంత కాయలు వరసగా వేలాడుతుంటాయి. కాయ నున్నగా ఉండి, పొట్టి కాడ ఉంటే అది నేల ఉసిరి కావచ్చు. కాండం ఎర్రబారి, కాయ గరుకుగా ఉండి, కాడ లేకుండా పుల్లకు అతుక్కుని ఉంటే అది దాయాది ఫిల్లాంథస్ యూరినేరియా. నడిమి కాండానికే ఆకులుంటే అది మరొకటి, ఫిల్లాంథస్ మదరాస్‌పటెన్సిస్. నమిలితే నేల ఉసిరి చేదు. ఆ చేదుకు కారణమైన ఫిల్లాంథిన్ దాయాదులన్నింటిలో ఒకే మోతాదులో ఉండదు. ఇక మురుగు కాలువ గట్టున, కలుపు మందు కొట్టిన చేలో మొలిచినదాన్ని ఎంత సరిగ్గా గుర్తించినా నోట పెట్టుకోకూడదు.

అయితే 2020లో కామెర్లు విజృంభించింది ఏప్రిల్‌లో. నేల ఉసిరి ఏపుగా దొరికేది వానాకాలంలో. కాబట్టి వేసవి రోగికి దిక్కు దుకాణంలోని ఎండు సరుకే. దక్షిణ భారతంలో 25 దుకాణాల నుంచి ఆ సరుకు తెచ్చి పరీక్షించిన ఓ అధ్యయనం 2010లో వెలువడింది. అందులో 76 శాతం అసలు మొక్క. మిగతాది దాయాదుల కలగాపులగం. ఎండుకట్టను విప్పి చూస్తే ఎక్కడో ఓ కాయైనా ఆనవాలు పట్టిస్తుంది. పొడి కొట్టాక మాత్రం ప్రయోగశాలలో ఫిల్లాంథిన్‌ను కొలిచో, డీఎన్ఏ పరీక్ష చేసో తప్ప ఏది ఏదో చెప్పడం వైద్యుడికైనా సాధ్యం కాదు.